తప్పిన చావుకు ఓటెవరు వేస్తారు?

తుపాను తీరం దాటిన మర్నాటి నుంచి ఒక మాట వినపడటం మొదలవుతుంది. టీవీ చర్చల్లో వినపడుతుంది, పెద్ద చదువులవాళ్ల వ్యాసాల్లో వినపడుతుంది, రైల్లో ఎదురు సీటాయన నోటా వినపడుతుంది. "ఈ జనానికి పులిహోర పొట్లం పంచినవాడు గుర్తుంటాడు గానీ కరకట్ట ఎత్తు పెంచినవాడు గుర్తుండడండీ. అందుకే ఏ నాయకుడూ ముందుజాగ్రత్త జోలికి పోడు. ఇవి ఓట్లతో తేలే సంగతులు కావు, తెలిసినవాళ్ల చేతిలో పెట్టాలి." చెప్పే మనిషి చెడ్డవాడేం కాదు. చాలాసార్లు నిజంగా బాధపడుతూనే చెబుతాడు. వినేవాళ్లు తలూపుతారు. నేనూ చాలాకాలం ఊపాను. ఇప్పుడు ఊపలేను. ఆ మాట తప్పనీ, నమ్మిన కొద్దీ ప్రాణాల మీదికి తెచ్చే తప్పనీ నాకు గట్టిగా తోస్తోంది.

ఆ మాటకు విద్వత్తు అండ కూడా ఉంది. దాన్ని దాటేసి వాదిస్తే అన్యాయమవుతుంది. 2009లో ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో ఒక పత్రం ప్రచురించారు. ప్రభుత్వం, ప్రమాదం, ప్రజాస్వామ్యం ఈ మూడింటి మధ్య సంబంధం గురించి ఇవాళ ఎవరు మాట్లాడినా ఆ పత్రం దగ్గరికి రాక తప్పదు. వాళ్లు అమెరికాలో కౌంటీల వారీగా 1988 నుంచి 2004 దాకా అధ్యక్ష ఎన్నికల ఓట్లను, విపత్తుల మీద పెట్టిన ఖర్చును పక్కపక్కన పెట్టి చూశారు. తేలింది ఇది: విపత్తు వచ్చాక సహాయం కింద డబ్బిస్తే అధికార పార్టీకి ఓట్లు పెరుగుతున్నాయి. విపత్తు రాకముందు నివారణకు ఖర్చు పెడితే పెరగడం లేదు. నిజానికి నివారణ మీద పెట్టిన ఒక్క డాలరు ఆ తర్వాత జరగబోయే నష్టంలో సుమారు 15 డాలర్లు మిగులుస్తుందని కూడా వాళ్లే లెక్క కట్టారు. ఒకటికి పదిహేను వచ్చే బేరాన్ని ఓటరు పట్టించుకోవడం లేదు. పత్రం పేరులోనే ఓటర్లకు "హ్రస్వదృష్టి" ఉందన్నారు.

దీనికి తోడుగా మరో ప్రసిద్ధమైన కథ ఉంది. 1916 జూలైలో న్యూజెర్సీ తీరంలో పన్నెండు రోజుల వ్యవధిలో సొరచేపల బారిన పడి నలుగురు చనిపోయారు. ఆ నవంబరులో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు ఆ సముద్రతీరపు కౌంటీల్లో ఓట్లు తగ్గాయని క్రిస్టఫర్ ఏకెన్, లారీ బార్టెల్స్ వాదించారు. 2016లో వచ్చిన వాళ్ల 'డెమోక్రసీ ఫర్ రియలిస్ట్స్' పుస్తకంతో ఆ సొరచేప రాజనీతిశాస్త్రం తరగతి గదులన్నిటిలోకీ వచ్చేసింది. చేప కరిస్తే అధ్యక్షుణ్ణి శిక్షించే ఓటరుకు రేపటి వరద గురించి ఆలోచించే శక్తి ఎక్కడిదని ప్రశ్న.

ముందు సొరచేప సంగతి తేల్చేద్దాం. 2018లో ఆంథనీ ఫౌలర్, ఆండ్రూ హాల్ అనే ఇద్దరు ఒక్క న్యూజెర్సీతో ఆగకుండా అమెరికాలో ప్రాణాలు తీసిన సొరచేప దాడులన్నీ తీసుకుని, వాటి తర్వాత జరిగిన అధ్యక్ష ఎన్నికలతో పోల్చారు. ఓట్ల మీద ప్రభావం ఉందనడానికి చెప్పుకోదగ్గ ఆధారమేదీ వాళ్లకు దొరకలేదు. 1916 ఫలితం కూడా ఏ కౌంటీలను లెక్కలోకి తీసుకున్నారు, ఎలా తీసుకున్నారు అన్నదాని మీద ఊగుతోందని చూపించారు. ఆ చేప మీద కట్టిన సిద్ధాంతం బరువు ఆ చేప మోయలేదు.

హీలీ, మల్హోత్రాల పని అలాంటిది కాదు. అది జాగ్రత్తగా చేసిన పని, దాని లెక్కలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ లెక్క నుంచి జనం తీసిన నీతితో. వాళ్లు చూపించింది: నివారణ మీద ఖర్చు పెరిగినప్పుడు ఓట్లు పెరగలేదు. జనం చదివింది: ఓటరుకు ప్రమాదం గురించి ఆలోచన లేదు. ఈ రెంటికీ మధ్య పెద్ద ఏరు ఉంది. వాళ్లు చూసిన ఏళ్లలో అమెరికా ప్రభుత్వం నివారణకు పెట్టిన డబ్బు సహాయానికి పెట్టినదాంట్లో చాలా చిన్న వంతు. అది ఎక్కడ ఖర్చయిందో, దేన్ని ఆపిందో పక్కింటివాడికి కూడా తెలిసే అవకాశం తక్కువ. చెప్పనిదాన్ని ఎందుకు మెచ్చుకోలేదని అడుగుతున్నాం.

అదే అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. 1997లో వాళ్ల విపత్తుల సంస్థ 'ప్రాజెక్ట్ ఇంపాక్ట్' అని ఒక పథకం మొదలుపెట్టింది. ఊళ్లవారీగా జనాన్ని కూర్చోబెట్టి, భూకంపమో వరదో వస్తే ఏ ఇల్లు కూలుతుందో చూసి ముందే గట్టిపరచుకోవడం దాని పద్ధతి. మొదట ఎంచుకున్న ఊళ్లలో సియాటిల్ ఒకటి. 2001లో కొత్త ప్రభుత్వం ఆ పథకానికి డబ్బు ఆపేస్తున్నట్టు బడ్జెట్‌లో ప్రకటించింది. ఆ ప్రకటన వెలువడిన ఫిబ్రవరి 28నే సియాటిల్ దగ్గర నిస్క్వాలీ భూకంపం వచ్చింది. ఆ పథకాన్ని ఆపమని ఏ ఓటరూ ఊరేగింపు తియ్యలేదు. బల్ల దగ్గర కూర్చుని పద్దులు చూసేవాళ్లు ఆపారు.

నా అసలు వాదం ఇక్కడుంది. తప్పిన చావు ఎవరి కంటికీ కనిపించదు. ఓటరుకు కనిపించదన్నది నిజమే. కానీ నిపుణుడికి, పై అధికారికి, ఖజానా చూసే మంత్రికి కనిపిస్తుందని ఎవరు చెప్పారు? ఓట్లు లేని రాజ్యాల్లో ముందుజాగ్రత్తకు దండ వేశారా, దండన వేశారా? ఈ ప్రశ్నకు జవాబు మన గడ్డ మీదే ఉంది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో తాతల నాటి నుంచి "ధాత కరువు" అని చెప్పుకునే కరువు కథలో ఉంది.

ఆ కథ మూడేళ్ల ముందు బీహారులో మొదలవుతుంది. 1873–74లో అక్కడ వానలు లేక పంట పోయింది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే తెల్ల దొర సహాయ పనులు నడిపాడు. బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు, పనులు పెట్టించాడు, పని చెయ్యలేనివాళ్లకు ఊరికే గింజలు ఇప్పించాడు. ఆకలి చావులు దాదాపు లేవు. ఆ కాలపు కరువుల్లో అంతటి మాట చెప్పుకోగలిగిన పని మరొకటి అరుదు. మరి ఏం దక్కింది? తిట్లు. జనం చావలేదు కాబట్టి అసలు కరువే రాలేదన్నారు, ఖజానా దుబారా చేశాడన్నారు, బియ్యం మిగిలిపోయిందన్నారు. ఆ అన్నవాళ్లలో బీహారు రైతు లేడు. ఆ రైతుకు ఓటే లేదు. అన్నవాళ్లు లండన్‌లోనూ కలకత్తాలోనూ లెక్కలు తెలిసిన పెద్దలు, పత్రికల్లో ఆర్థికశాస్త్రం రాసే పెద్దలు.

దెబ్బ తిన్న టెంపుల్‌నే 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ మద్రాసు రాజధాని కరువు చూడమని పంపాడు. అదే నెల ఒకటో తారీఖున ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిగింది. ఈసారి టెంపుల్ చేతిలో ఉన్న ఆజ్ఞ పొదుపు. రాళ్లు కొట్టి, మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని తేల్చాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. మద్రాసులో పారిశుధ్య కమిషనరుగా ఉన్న డాక్టర్ విలియం కార్నిష్ ఇది మనిషిని నిలబెట్టే తిండి కాదని కాగితాల మీద పోరాడాడు. ఆ కూలికి "టెంపుల్ కూలి" అనే పేరు చరిత్రలో నిలిచిపోయింది. 1876–78 కరువులో బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లో 55 లక్షల మంది దాకా పోయారని ఒక అంచనా. అందులో మద్రాసు రాజధాని వాటా చాలా పెద్దది. ఆ రోజుల్లో కరువు పని కింద తవ్విన బకింగ్‌హాం కాలువ భాగం కోస్తాలో ఇప్పటికీ ఉంది. దాని గట్టు మీద నడిచినప్పుడల్లా ఆ పౌను గింజలు నాకు గుర్తొస్తాయి.

ఒక్క మనిషి. మొదటిసారి ప్రాణాలు కాపాడినందుకు చీవాట్లు తిన్నాడు, రెండోసారి ఖర్చు తగ్గించి మెప్పు పొందాడు. ఈ కథలో ఓటరన్నవాడే లేడు. "నివారణకు గుర్తింపు రాదు" అనే రోగం ఓటు పుట్టకముందు నుంచీ ఉంది. దాన్ని తెచ్చి ఓటరు మెడకు చుట్టడం చరిత్ర తెలియక చేసే పని.

ఓట్లు లేనిచోట ఇంకేం జరిగిందో అందరికీ తెలిసినదే కాబట్టి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. చైనాలో 1958 తర్వాతి మూడేళ్ల కరువులో మూడు కోట్ల మంది దాకా పోయారని అంచనాలున్నాయి. పైవాళ్లకు నచ్చే దిగుబడి అంకెలు కిందివాళ్లు పంపుతూ పోయారు. నిజం చెప్పే పత్రికా లేదు, అడిగే ప్రతిపక్షమూ లేదు. 1975 ఆగస్టులో హెనాన్ రాష్ట్రంలో బాన్‌చావ్ ఆనకట్ట తెగి వేలకు వేలు కొట్టుకుపోతే ఆ సంగతి ఏళ్ల తరబడి బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు. 1986లో చెర్నోబిల్ పేలాక పక్కనున్న ప్రిపియాత్ ఊరిని ఖాళీ చేయించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ రాజ్యాలన్నీ దూరాలోచనకు, ప్రణాళికకు, నిపుణుల పాలనకు పేరు మోసినవే. అమర్త్యసేన్ ఎప్పటినుంచో చెబుతున్న మాట ఇదే: ఎన్నికలూ స్వేచ్ఛగల పత్రికలూ ఉన్న దేశంలో పెద్ద కరువు వచ్చిన దాఖలా లేదు. 1943లో బెంగాల్ మాడిపోతుంటే ఆ సంగతి దాచిన ప్రభుత్వాన్ని కదిలించింది స్టేట్స్‌మన్ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆగస్టులో అచ్చు వేసిన శవాల ఫొటోలు.

"అదంతా కరువు గురించి. కరువు నెమ్మదిగా వస్తుంది. ఉప్పెన అలా కాదు కదా. 1977లో మనకు ఉన్నది ఎన్నికైన ప్రభుత్వమే కదా?" అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా ఈ వ్యాసం నిలబడదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ. మా అమ్మమ్మవాళ్ల ఊరు సముద్రానికి అంత దగ్గరేం కాదు, అయినా నీళ్లు వచ్చాయి. మా పిన్నికి అప్పుడు పదిహేడేళ్లు. తుమ్మచెట్టు కొమ్మను వాటేసుకుని తెల్లారేదాకా ఉంది. ముళ్లు దిగబడ్డ మచ్చలు ముంజేతుల మీద చివరిదాకా ఉండిపోయాయి, చిన్నప్పుడు మేం వాటిని లెక్కపెట్టేవాళ్లం. ఆమె ఎప్పుడూ చెప్పేది మనుషుల గురించి కాదు, గేదె గురించి. కట్టుతాడు విప్పలేదట. "విప్పుంటే ఈదుకుంటూ పోయేది, నేనే కట్టి చంపాను" అనేది. ఆ రాత్రి పదివేల మంది దాకా పోయారు, అంతకంటే ఎక్కువే అనేవాళ్లూ ఉన్నారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే మిగల్లేదు. తుపాను వస్తోందని రేడియో చెప్పింది. కానీ రేడియో ఉన్న ఇళ్లెన్ని? విన్నా ఎక్కడికి పోవాలి? ఎత్తయిన పక్కా కట్టడం లేదు, రోడ్డు లేదు.

అవును, అది ఎన్నికైన ప్రభుత్వమే. అది ఆ జనాన్ని కాపాడలేకపోయింది. ప్రజాస్వామ్యం ప్రమాదాన్ని ముందే పసిగడుతుందని నేను అనడం లేదు. ఒకసారి చచ్చినవాళ్ల కోసం రెండోసారి జవాబు చెప్పించుకుంటుంది అంటున్నాను. ఆ రెండోసారి 1990 మేలో వచ్చింది. మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే, దాదాపు అంతే బలమైన తుపాను. ఈలోపు తీరం వెంట షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు ఊరిదాకా వచ్చే దారి ఏర్పడింది, లక్షల మందిని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యి లోపు. వెయ్యి తక్కువ సంఖ్య కాదు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న ఆ మనుషులు ఇవాళ తాతలై, అమ్మమ్మలై తిరుగుతున్నారు. మా పిన్ని ఆ మే నెలలో షెల్టరుకు బయల్దేరే ముందు పాక దగ్గరికి పోయి గేదెల కట్లన్నీ విప్పేసింది.

1996 సంగతి దాచను. ఆ నవంబరు 6న కోనసీమను తుపాను కొట్టినప్పుడు వెయ్యికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాలు ఏడ్చిన ఏడుపు గోదావరి జిల్లాలు మరచిపోవు. వేటకు వెళ్లిన పడవలు సముద్రంలోనే ఉండిపోయాయి. ఒడ్డున ఉన్నవాళ్లను తరలించడం నేర్చుకున్నాం గానీ నీళ్ల మీద ఉన్నవాళ్లకు కబురు అందించడం అప్పటికి నేర్చుకోలేదు. ఎవరి గొంతు తక్కువ వినపడుతుందో వాళ్ల ప్రమాదం చివరికి మిగిలిపోతుంది. ఇది ప్రజాస్వామ్యం లోపమే. దీనికి మందు ఆ గొంతు ఇంకా తగ్గించడం ఎలా అవుతుంది?

ఇక ఓటరు గుడ్డివాడన్న మాట. దివిసీమ ఉప్పెన వచ్చిన మూడు నెలలకే, 1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు వైపు నిలిచిన కాంగ్రెస్ 30 స్థానాలతో కూలబడింది, ఇందిరా కాంగ్రెస్ 175 గెలిచింది. దీన్ని ఉప్పెన తీర్పు అని నేను చెప్పను. పార్టీ చీలిక, ఎమర్జెన్సీ తర్వాతి రాజకీయం చాలా ఉన్నాయి. కానీ అదే ఎన్నికల్లో అవనిగడ్డ ఏం చేసిందో చూడండి. అంతకుముందు వెంగళరావు మంత్రివర్గంలో ఉన్న స్థానిక శాసనసభ్యుడు మండలి వెంకటకృష్ణారావు బురదలో, శవాల మధ్య తిరిగి పనిచేశారని ఆ ప్రాంతమంతా చెప్పుకుంది. అవనిగడ్డ 1978లో ఆయన్ని మళ్లీ గెలిపించింది. తెలుగుదేశం గాలి వీచిన 1983లోనూ గెలిపించింది. ఇళ్లు పోయి, మనుషులు పోయి, ఉప్పు పట్టిన పొలాల్లో నిలబడ్డ జనం రాష్ట్రం లెక్క వేరు, తమ ముందు కనపడిన మనిషి లెక్క వేరు అని విడదీసి చూశారు.

ఇదొక్క ఊరి ముచ్చట అంటారేమో. షాన్ కోల్, ఎరిక్ వర్కర్‌లతో కలిసి అదే ఆండ్రూ హీలీ భారతదేశం మీద కూడా పరిశోధన చేశాడు, 2012లో ప్రచురించాడు. ఎన్నికలనూ వానలనూ పోల్చి చూశారు. వాన తప్పితే, లేక మితిమీరితే, అధికార పార్టీకి ఓట్లు తగ్గుతున్నాయి. వాన పార్టీ చేతిలో లేదు కాబట్టి ఓటరుది అన్యాయం అనొచ్చు. కానీ కష్టం వచ్చాక గట్టిగా కదిలిన ప్రభుత్వాలకు తక్కువ ఓట్లు తగ్గాయి. ఆ తేడా పెద్దదేం కాదు, చేసిన మంచి పని పోయిన ఓట్లలో కొంత మాత్రమే తిరిగి తెస్తుందని వాళ్లే రాశారు. నా మట్టుకు నాకు అదే చాలా మాట. ఓటరు చూస్తున్నాడు. మసకగా చూస్తున్నాడు, కొంత కోపంతో చూస్తున్నాడు, అయినా చూస్తున్నాడు. తెలివితక్కువ ఓటరని చెప్పడానికి హీలీ పేరు వాడుకునేవాళ్లు ఈ రెండో పత్రం పేరు ఎత్తగా నేను వినలేదు.

మన సరిహద్దు దాటి రెండు చోట్లకు వెళ్దాం. 1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లో భోలా తుపాను మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. ఇస్లామాబాదులో సైనిక పాలకుడు యాహ్యాఖాన్. సహాయం నత్తనడక నడిచింది. నెల తిరక్కుండానే, డిసెంబరులో ఆ దేశపు తొలి సార్వత్రిక ఎన్నికలు. తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్‌కు పోయాయి. స్వయంప్రతిపత్తి కోరిక అంతకుముందే రగులుతోంది, నిజమే. కానీ ఆ ఓటులో ఆ శవాలు లేవని ఎవరూ అనలేరు. తర్వాత పుట్టిన బంగ్లాదేశ్ 1972లోనే ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలతో తుపాను సన్నాహక కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడా ఒక్కరోజులో ఒనగూడలేదు. 1991లో మళ్లీ లక్షకు పైగా పోయారు. 2007లో సిద్ర్ వచ్చినప్పుడు ఆ సంఖ్య వేలల్లోకి దిగింది.

రెండోది ఒడిశా. 1999 అక్టోబరు 29 మహాతుపానులో అక్కడ దగ్గరదగ్గర పదివేల మంది పోయారు. ముఖ్యమంత్రి మారాడు, మరుసటి ఏడాది ఎన్నికల్లో అధికారమే మారింది. విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ ఆ దెబ్బకే పుట్టింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికి దాదాపు పది లక్షల మందిని తరలించారు. ఒడిశాలో పోయినవాళ్లు యాభై లోపు. ఏడు నెలల తర్వాత దేశమంతా ఒకవైపు గాలి వీస్తుంటే ఒడిశా ఓటరు నవీన్ పట్నాయక్ పార్టీకి 147లో 117 శాసనసభ స్థానాలు, 21లో 20 లోక్‌సభ స్థానాలు ఇచ్చాడు. ఫైలిన్ వల్లే అని తేల్చలేం, చౌక బియ్యం పథకం ఉంది, ఇంకా బోలెడున్నాయి. కానీ ముందుజాగ్రత్త తీసుకుంటే ఓట్లు పోతాయని భయపడే నాయకుడికి ఈ అంకెలు చూపించాలి. అదే ఓటరు 2024లో అదే పార్టీని దించాడు. పాత మంచిపనికి శాశ్వత హక్కుపత్రం రాసివ్వలేదు, ఇవ్వనక్కర్లేదు కూడా.

ఇంకొక సంగతి నన్ను బాధిస్తుంది. సహాయం కోసం ఓటు వెయ్యడం తెలివితక్కువ అన్నట్టు మాట్లాడతారు. పులిహోర పొట్లం అనే మాటలో ఉన్న చిన్నచూపు అదే. ఒడ్డున పాక వేసుకున్న మనిషికి బ్యాంకులో డబ్బు లేదు, ఇంటికి బీమా లేదు. వల పోతే అప్పు, పడవ పోతే మళ్లీ అప్పు. ఆ మనిషికి ప్రభుత్వమొక్కటే బీమా కంపెనీ. దానికి అతను కట్టగలిగిన ప్రీమియం తన ఓటు. ఇల్లు కాలినవాడు బీమా సొమ్ము సకాలంలో ఇచ్చిన కంపెనీనే మళ్లీ ఎంచుకుంటే దాన్ని ఎవరూ గుడ్డితనం అనరు. పైగా ఆ సహాయమన్నా అందరికీ అందుతోందా? డెల్టాలో దుక్కి దున్ని, నారు పోసి, పెట్టుబడి పెట్టేది చాలాచోట్ల కౌలుదారు. పంటనష్టం రాసేటప్పుడు కాగితం మీద ఉండేది భూమి గలాయన పేరు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కింద కూడా కౌలు కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. చేను మునిగినవాడు ఒకడు, డబ్బు పడే ఖాతా ఇంకొకడిది. ఈ లోపం కనిపెట్టింది నిపుణుల సంఘం కాదు. కార్యాలయాల ముందు బైఠాయించి ఏళ్ల తరబడి అరిచిన కౌలురైతులు.

నిపుణులు అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. తుపాను దారి చెప్పేది వాతావరణ శాస్త్రజ్ఞుడు, దండోరా వేసేవాడు కాదు. ఉప్పెన ఎంత ఎత్తు వస్తుందో లెక్క కట్టడానికి చదువు కావాలి. కానీ ఎవరిని ముందు తరలించాలి, ఏ గట్టుకు ముందు డబ్బివ్వాలి, మడ అడవి కొట్టి చెరువు తవ్వనివ్వాలా వద్దా అన్నవి లెక్కలు కావు. ఒకరి ప్రమాదం తగ్గించి ఇంకొకరి నెత్తిన పెట్టే నిర్ణయాలు. ఎవరి నెత్తిన పెడుతున్నారో వాళ్లను అడగకుండా తీసుకునే నిర్ణయాన్ని శాస్త్రం అనకూడదు.

ఓటరు మసకచూపుకు కారణమేంటో కూడా పరిశోధన చెప్పింది. టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ 2002లో మన దేశంలోని 16 రాష్ట్రాల లెక్కలు, 1958 నుంచి 1992 దాకా, చూశారు. పంట పోయినప్పుడు ఆహారధాన్యాలు పంచడంలో, వరదలప్పుడు సహాయం చెయ్యడంలో ఏ ప్రభుత్వాలు చురుగ్గా ఉన్నాయి? పత్రికలు ఎక్కువగా చదివే రాష్ట్రాల్లోవి. అందులోనూ ఆ ఫలితమంతా ప్రాంతీయ భాషల పత్రికల నుంచే వస్తోంది, ఇంగ్లీషు, హిందీ పత్రికల నుంచి కాదు. మన భాషలో మన ఊరి వార్త ఎంత బాగా అందితే అంత బాగా ప్రభుత్వం కదులుతుందన్నమాట. కాబట్టి అడగాల్సింది ఓటరుకు బుద్ధెప్పుడు వస్తుందని కాదు. మా మండలంలో షెల్టర్లెన్ని, వాటిలో వాడుకకు పనికొచ్చేవెన్ని, కరకట్టకు కిందటేడు ఎంత ఖర్చు పెట్టారు, ఎక్కడ బలహీనంగా ఉంది అన్న జాబితా పంచాయతీ గోడ మీద తెలుగులో ఎందుకు లేదని. ఆ జాబితా లేకుండా నివారణకు ఓటు వెయ్యమంటే ఎలా వేస్తారు?

మా అమ్మమ్మవాళ్ల ఊరి షెల్టరు స్తంభాల మీద నిలబడ్డ పాత కట్టడం. ఉప్పుగాలికి పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. కొన్నేళ్ల పాటు దానికి తాళం వేసి ఉండేది, తాళంచెవి ఊళ్లో ఉండేది కాదు. ఒక తుపాను రాత్రి జనం మెట్ల మీద తడుస్తూ రెండు గంటలు నిలబడ్డారు. చివరికి ఒక కుర్రాడు గునపంతో తాళం పగలగొట్టాడు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఓట్లకు డబ్బు పంచారు, జనం తీసుకున్నారు, మా ఇంట్లోనూ తీసుకున్నారు. వార్డుకు నిలబడ్డ ఇద్దరూ చేతులు జోడిస్తూ పిన్ని అరుగు దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగింది. "తాళంచెవి ఎవరి దగ్గరుంటది నాయనా?" ఒకాయన పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. రెండో మనిషి, వలలు అల్లుకునే ఇంటి కోడలు, "రెండు చేయిద్దాం పిన్నిగారూ, ఒకటి నా దగ్గర, ఒకటి మీ దగ్గర" అంది. ఆమె గెలిచింది. ఎన్ని ఓట్లతోనో నాకు గుర్తులేదు. ఆ చెవి ఇప్పుడు పిన్ని ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు, ఎర్ర దారం కట్టి వేలాడుతోంది. పిన్ని పోయి ఏడాదయింది. తియ్యొద్దని ఆ ఇంటివాళ్లకు చెప్పే పోయింది.